మూడో అంకంలో మౌనం

కుతాయిసీలో ఆ మార్చి మూడు రోజులూ
వానా కాదు, మంచూ కాదు, రెంటికీ చెడ్డ తడి.
రాజధాని నుంచి మాకు శిక్షణ ఇవ్వడానికి ఖాతునా వచ్చింది,
సంచీ నిండా రంగు కలాలతో.
నేను ఆ నాటకశాలకి రంగస్థల నిర్వాహకురాలిని,
అంటే ఎవరికి ఏ గంట కొట్టాలో, ఎవరికి ఎవరితో మాటల్లేవో
రెండూ ఒకే పుస్తకంలో రాసుకునేదాన్ని.

మొదటి రోజు గోడకి పెద్ద కాగితం అంటించి
"మీ పని ఎవరి మీద ఆధారపడిందో గీత గీయండి" అంది.
దర్శకుడి నుంచి నటులకి,
నటుల నుంచి దుస్తులు కుట్టే ఎతేరికి, దీపాల జురాబ్‌కి,
కాసేపటికి ఆ కాగితం
కోడిపిల్లల కాళ్లకి చుట్టుకున్న దారంలా తయారైంది.
బాద్రి పేరు దాకా ఒక్క గీతా రాలేదు.
అతను నొచ్చుకున్నట్టూ లేడు.
ముప్ఫయ్యొక్క ఏళ్లుగా పైన తాళ్ల అటక మీద మనిషి,
మేమంతా అతనికి నడినెత్తులుగానే తెలుసు.
ఎవరికి బట్టతల మొదలైందో అందరికన్నా ముందు చూసేది అతనే.

రెండో రోజు పనులు మార్చుకోమంది.
ఎతేరి దీపాల బల్ల ముందు కూర్చుని
తుఫాను రావలసిన చోట తెల్లారించేసింది.
సూదిలో దారం ఎక్కించడానికి జురాబ్‌కి పావుగంట పట్టింది.
ఓతార్, మా పెద్ద నటుడు,
రొట్టెల దుకాణంలో కూడా జనం వరసలో నిలబడనివ్వరు అతన్ని,
ఇనుప నిచ్చెన ఎక్కి బాద్రి చోటికి వెళ్లాడు.
బాద్రి దిగొచ్చి ఓతార్ చోట నిలబడ్డాడు,
చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక.

మూడో అంకం. చందమామ సగం దాకా లేచి ఆగాలి.
అక్కడే భార్య ఉత్తరం చదివి మడిచి
ఓతార్ మౌనంగా ఉండిపోతాడు.
ఊళ్లో సగం మంది టిక్కెట్టు కొనేది ఆ మౌనానికే.
ఒకోరోజు ముప్ఫై సెకన్లు,
మొదటి అంకంలో చప్పట్లు బాగా పడ్డ రోజున యాభై.

రేకు చందమామ, చెక్క చట్రం,
రెండు బస్తాల బంగాళాదుంపల బరువు.
తాడుని పట్టి ఆపే ఇనుప పన్ను వరదలొచ్చిన ఏడు విరిగింది.
మరమ్మతుకి నాలుగు అర్జీలు పెట్టాను,
నకళ్లు నా దగ్గరున్నాయి, జవాబులు లేవు.

పైనుంచి ఓతార్ గొంతు: "ఇంకా ఎంతసేపు?"
కింద బాద్రి ఉత్తరం మడిచి పలకలేదు.
నటించడం లేదు అతను, లెక్కపెడుతున్నాడు
పెదవులు కదలకుండా, రోజూ లాగే.
ఇరవై రెండు దగ్గర చందమామ వణికింది.
ఇరవై ఆరు దగ్గర జర్రున జారి
ముడి కప్పీలో ఇరుక్కుని ఆగింది.

ఓతార్ దిగొచ్చి అరచేతులు తెరిచి చూసుకున్నాడు,
ఎవరివో పొరపాటున తనకొచ్చినట్టు.
"ఇన్నేళ్లూ చెప్పలేదేం?"
"ఎలా చెప్పను? నువ్వు మౌనంగా ఉంటావుగా" అన్నాడు బాద్రి.
ఖాతునా ఎర్ర కలం తీసి, మళ్లీ మూత పెట్టేసింది.

శనివారం ప్రదర్శనలో మౌనం తొమ్మిది సెకన్లు.
మూడో వరసలో కూర్చునే మందుల దుకాణం ముసలామె
"ఈవేళ ఆయనకి ఒంట్లో బాగాలేదా?" అని అడిగి వెళ్లింది.
తెర వెనక బాద్రి నిచ్చెన దిగుతూనే అరిచాడు,
"నా మౌనం ఎవడు కోయమన్నాడు?"
అక్షరాలా అదే మాట. నా మౌనం.

ఏప్రిల్లో కొత్త పన్ను వచ్చింది.
ఐదో అర్జీ మీద ఓతార్ సంతకం ఉంది,
ఎతేరిది, జురాబ్‌ది, టిక్కెట్లు చింపే కుర్రాడిది కూడా.
మౌనం మళ్లీ నలభైకి చేరింది.
బాద్రి ఇక చేతులు జేబులో పెట్టుకోవచ్చు.

పెట్టుకోడు. నిన్న పైకి చూశాను.
పన్ను బిగిసే ఉంది, తాడు వదులుగా వేలాడుతోంది,
దాన్ని రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు.
ముప్ఫైతొమ్మిది దగ్గర ఓతార్
ఒక్కసారి కళ్లు పైకెత్తాడు.
అది నాటకంలో లేదు.
నా పుస్తకంలో దానికి గడీ లేదు,
అంచున రాసుకున్నాను.