ఖున్వానా నోట్లో ఎముక

త్సబాంగ్ దాటాక రోడ్డు లేదు, ఇసుకే.
రెండో గేరులో గంటన్నర.
నేను దిగేసరికి ఖున్వానా కంచె పక్కన
మెడ చాపి నిలబడి ఉంది.
పెదవి అంచున ఏదో తెల్లగా పొడుచుకొచ్చి –
నిరుడు చచ్చిన గాడిద తొడ ఎముక.
అడ్డచుట్ట కాల్చే ముసలమ్మలా
ఈ దవడ నుంచి ఆ దవడకి తిప్పుకుంటోంది.

"ఆకలి కాదు" అన్నాడు గావోలత్లే.
"గడ్డి చూడు, మోకాటి ఎత్తు.
ఈ ఇసుకలో లేనిది గడ్డిలోకి ఎక్కణ్ణుంచి వస్తుంది, మ్మా?
చచ్చినదాన్ని అడుగుతోంది.
అలా అడిగే, పోయిన వానాకాలం,
దాని అక్క కాళ్ళు చచ్చుబడి
నీళ్ళతొట్టి దగ్గర కూలబడిపోయింది."

నా పని సీసాలతో.
తోక కింద అరచేత్తో మెల్లగా రాస్తూ నిలబడాలి,
దానికి బుద్ధి పుట్టేదాకా.
పుట్టింది. వేడిగా, పసుప్పచ్చగా, నా చెప్పుల మీద కూడా.

ఫలితం ఇప్పుడే చెప్పగలను.
ఉప్పు ఉంటుంది, యూరియా ఉంటుంది,
ఫాస్ఫేటు – జాడ కూడా ఉండదు.
ఆవు మూత్రపిండం మనదిలా చిక్కుడు గింజ కాదు,
బాగా కాసిన ద్రాక్ష గుత్తి.
కోసి చూశాను చాలాసార్లు.
ఆ గుత్తిలో, వెంట్రుక కంటే సన్నని గొట్టాల గట్టున
ఎవరో పొదుపరి ఇల్లాలు కూర్చుని ఉంటుంది.
నీళ్ళు పొమ్మంటుంది, చెత్త పొమ్మంటుంది,
ఫాస్ఫేటు కనపడితే మాత్రం కొంగు పట్టి
మళ్ళీ ఇంట్లోకి లాగేస్తుంది.

అక్కణ్ణుంచి రక్తంలోకి,
రక్తంలోంచి లాలాజలంలోకి.
రోజుకి వంద లీటర్లు ఊరుతుంది ఆ నోరు!
మేసిన దానికంటే మింగిన ఉమ్మిలోనే ఎక్కువ ఉంటుంది.
కడుపులో కోటానుకోట్ల పురుగులు దాన్ని తిని బతుకుతాయి,
వాటిని తిని ఆవు బతుకుతుంది.
నెమరంటే గడ్డి ఒక్కటే కాదు,
ఉన్న కాస్తనీ మళ్ళీ మళ్ళీ నమలడం.
ఎంగిలే దాని ఖజానా.

ఇదంతా చెబుతుంటే గావోలత్లే
ముంజేతులు గోక్కుంటున్నాడు.
వింటున్నాడనే అనుకున్నాను.
తర్వాత చొక్కా జేబులోంచి
నాలుగు మడతల కాయితం తీశాడు.
ఆసుపత్రిలో ఇచ్చింది. పాలు వద్దు. చిక్కుళ్ళు వద్దు.
ఎముకల పులుసు – దాని కింద రెండు గీతలు.
భోజనంతో పాటు సుద్దలాంటి మాత్రలు మూడు.
వారానికి మూడు రోజులు యంత్రం పక్కన నాలుగు గంటలు.

"ఫాస్ఫేటు ఒంట్లో పేరుకుంటే దురద పెడుతుందట.
ఎనభై మూడు ఆవుల్ని మేపిన వాణ్ణి, మ్మా,
ఎముక మూలుగు చప్పరించి ఏడాదయింది."
కాసేపు ఆగి నవ్వాడు, పళ్ళు లేని చోటు కూడా కనపడేలా.
"దీని గుత్తి పోనివ్వదు. నా గింజ పంపలేదు.
మధ్యలో నువ్వు సీసాలు పట్టుకుని తిరుగు."

నాకు జవాబు తోచలేదు.
మూత మీద నంబరు రాస్తున్నట్టు నటించాను.
నంబరు అప్పటికే రాసి ఉంది.

పాత లారీ టైరు కోసి చేసిన తొట్టిలో
ఆయనే ఎముకల పొడి పోశాడు, ఉప్పు కలిపాడు.
దోసిలి నిండా, వేళ్ళ సందుల్లో, గోళ్ళలో తెల్లటి దుమ్ము.
చేతులు ముక్కు దాకా ఎత్తి ఒక్కసారి వాసన చూశాడు.
అంతే. దించాడు.

ఖున్వానా ఎముక వదిలేసింది.
తొట్టి దగ్గరికి పోలేదు, చేతి దగ్గరికి వచ్చింది.
అరచెయ్యి అయింది, మణికట్టు అయింది,
పొడి లేని మోచేతి దాకా
గరుకు నాలుక పైకి పాకుతూనే ఉంది.

"ఆఁ, అక్కడే" అన్నాడు గావోలత్లే కళ్ళు మూసుకుని,
"ఇంకొంచెం పైన."