ఇక్కడ వల తెగిపోతాది

కోటవీధిలో మా మేడ
కిటికీ చువ్వ మీద వేలు పెడితే నల్లన.
బొగ్గో, ఇనపరాతి పొడో, పోర్టు పంపే చందా.
పొద్దున తుడిస్తే మధ్యాహ్నానికి మళ్ళీ హాజరు,
బాకీ అడగడానికొచ్చినవాడిలా.

ఇరవైరెండేళ్ళు షిప్‌యార్డు స్టోర్సులో
రిజిస్టరు చివరి గడి నాది:
"పనికిరానివి."
తుప్పు బోల్టులు, తెగిన మోకులు, ఊడిన రంగు
కిలోల్లో రాసి, సంతకం పెట్టి, ఎర్రగీత కొట్టేదాన్ని.
ఇప్పుడా గీత అవతలికెళ్ళి
ఒక్కొక్కటీ ఏరుకొస్తున్నాను.

జ్ఞానాపురంలో తుక్కుకొట్టు లింగమూర్తి
నా గోనె తక్కెట్లో పడేసి నవ్వుతాడు:
"అందరూ నాకు అమ్ముతారు మేడమ్‌గారూ,
మీరేటి, నాకాడ కొంటన్నారు?"
ఓడ పొట్ట గీకిన పెచ్చులు మాత్రం ఊరికే ఇస్తాడు.
విరిస్తే లోపల బూడిదరంగు, దానికింద ఎరుపు,
ఇంకా కింద ఎవరో మర్చిపోయిన పచ్చ.
ఒక్క ఓడకి ఎన్ని చీరలో!

అయినా నెలరోజులు ఏమీ రాలేదు.
అట్టముక్క ముందు కూర్చుని
జిగురుగిన్నె మీద మీగడ కట్టేదాకా చూశాను.
ఊహ అనేది
పాత పోస్టాఫీసు దగ్గర ఆగే బస్సు కాదు,
బోర్డు చదివి ఎక్కడానికి.
ఒకనాడు విసుగొచ్చి
కిటికీ తుడిచిన మసిగుడ్డని తడితడిగా
అట్టకేసి కొట్టాను.
పడ్డచోటే ఉండిపోయింది, ముడతలు ముడతలుగా,
యారాడ కొండ మీద మబ్బు కూర్చున్నట్టు.
కాదు, దేనిలాగానూ కాదు.
దేనిలాగానూ లేనిదొకటి
నా ఇంట్లో ఉంది.
ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తర్వాత చెయ్యి ఆగలేదు.
నలిపిన గుడ్డుపెంకులు, సిమెంటుసంచి దారాలు,
జీడిపిక్కల తొక్కులు (వేళ్ళు బొబ్బలెక్కి అవి మానేశాను),
హుద్‌హుద్ నాడు ఎగిరిపోయి
ఎదురింటి నూతిలో తేలిన మా రేకుముక్క.
మైదా జిగురులో పోర్టు పొడి కలిపి
అరచేత్తో మెత్తి, ఆరాక గీకి, మళ్ళీ మెత్తి,
అన్నిటి మీదా
ఫిషింగ్ హార్బరులో పారేసిన వల.
వల నడుమ పిడికిలంత చిరుగు.
దాన్ని సరైనచోట నిలబెట్టడానికే మూడు రోజులు.
బొమ్మంతా అక్కణ్ణుంచే ఊపిరి పీలుస్తుందనుకున్నాను.

చూడ్డానికొచ్చినవాళ్ళు మెడలు వంచారు.
మేనల్లుడు తలకిందులు చేసి, ఇలా బావుందన్నాడు.
పక్కింటాయన నేను చెప్పిందంతా విని
"అయితే ఏమిటది?" అన్నాడు.

జాలారిపేట నించి చోడిపల్లి కొర్లమ్మ వచ్చింది,
చేపలగంప గుమ్మంలో దించి.
నలభయ్యేళ్ళు వలలు బాగుచేసిన వేళ్ళు,
కళ్ళలో మాత్రం పొరలు.
"ముట్టుకోవచ్చేటి?"
ఇంతవరకూ ఎవరూ అడగని మాట.

కళ్ళు మూసుకుని తడిమింది.
గుడ్డుపెంకుల దగ్గర:
"ఇది ఇసక. రొయ్యుంటాది."
మసిగుడ్డ దగ్గర: "బురద."
రేకు అంచు తగిలి చెయ్యి ఆగింది.
"ఇదిగో, రాయి. ఇక్కడ వల తెగిపోతాది.
మా ఆయన సెప్పీవోడు."

సముద్రం అడుగు నేను చూడలేదు.
ఆమే చూడలేదు.
చూసినాయన
చెప్పడానికి లేడు.

అంతలో వేళ్ళకి చిరుగు దొరికింది.
చప్పరించింది.
బొడ్లోంచి వలసూది, నీలం నైలాను దారం తీసి
నేను అయ్యో అనేలోగా అల్లేసింది.
"ఇలాగొగ్గెస్తే ఒక్క సేపుంటదేటమ్మా?
పోన్లే, డబ్బులొద్దు."

రాత్రి బ్లేడు పట్టుకుని కూర్చున్నాను,
ఆ ముడులు కోసేద్దామని.
ఏడు ముడులు. బిగువుగా, కొట్టొచ్చేంత నీలంగా,
నా లెక్కలన్నిటికీ అడ్డంగా.
ఒక్కొక్కదాన్నీ కళ్ళు మూసుకుని తడిమాను.
బ్లేడుతో చివరికి
పెన్సిలు చెక్కాను.

అట్ట వెనక, పాత అలవాటు చావక, గళ్ళు గీశాను.
బరువు: మూడు కిలోల రెండొందలు.
చివరి గడిలో ఏం రాయాలో తోచలేదు.

తెల్లారేసరికి నీలం ముడుల మీద కూడా
సన్నగా నల్లన.
తుడవలేదు.