తిరుగుగడప

ఫర్వానియాలో నాలుగో అంతస్తు.
ఏసీ నీళ్ళు బకెట్లో పడే చప్పుడే
నా లాటిన్‌కి తాళం.
పధ్నాలుగేళ్ళుగా పగలు కామర్స్ పిల్లలకి
చెక్కు చెల్లకపోతే ఏమవుతుందో చెబుతాను.
రాత్రి పదిహేను వందల ఏళ్ళ కిందటి
బానిసల లెక్కలు చూస్తాను.

విమానంలో పక్కసీటాయన అడుగుతాడు, ఏం చదివారని.
రోమన్ న్యాయమంటే, "లాయరా?"
గ్రీకు తత్వం, అదీ చివరికాలపుది అంటే
దుప్పటి ముఖం మీదికి లాక్కుంటాడు.

మా గురువు శేషఫణి గారు అనేవారు:
"చచ్చిన భాషలో తప్పు రాస్తే
కొట్టేవాళ్ళెవరూ ఉండరు,
నిన్ను నువ్వే కొట్టుకోవాలి."
కొట్టుకున్నాను. ఒకే ఒక్క మాట మీద
మూడొందల పేజీలు.

శత్రువు చేతికి చిక్కినవాడు చట్టానికి చచ్చినవాడే.
తప్పించుకొచ్చి సరిహద్దు తొక్కితే చాలు
పొలం, ఇల్లు, బిడ్డల మీద తండ్రితనం
ఎన్నడూ పోనట్టే తిరిగొస్తాయి.
ఆ హక్కు పేరులో గడప ఉంది.
తిరుగుగడప అని నేనే తెలుగు చేసుకున్నాను.
థీసిస్ ముగ్గురు చదివారు,
ఒకరు టైపిస్టు.

మా మెట్లు తుడిచే దస్తగిరమ్మది రాయచోటి పక్క.
వచ్చి పదకొండేళ్ళు.
పాస్‌పోర్టు పాత కఫీల్ బీరువాలో,
ఆకామా చచ్చి ఆరేళ్ళు.
క్షమాభిక్ష అన్నారని ఫారం పట్టుకొచ్చింది.
నేను నింపుతుంటే బల్ల మీది కాగితాలు చూసి,
"రాత్రంతా లైటేసుకొని ఏం రాచ్చాండావు మేడమ్?"

చెప్పాను, గడప సంగతి.
తడిచేతులు కొంగుకి తుడుచుకోవడం ఆపింది.
"కడపంటే గడపేనంట, తిరపతి కొండకు.
మా నాయన చెప్పేటోడు.
అయితే నేను పోతే అన్నీ వచ్చాయా?"

అన్నీ రావు అన్నాను.
నాలుగో అధ్యాయం, పేజీ అడుగున చిన్న అక్షరాలు:
పెళ్ళి తనంతట తాను తిరిగి రాదు,
ఇద్దరూ మళ్ళీ ఒప్పుకోవాలి.
చేతిలో పట్టుకున్న వస్తువూ రాదు,
ఎందుకంటే పట్టు అనేది హక్కు కాదు, చెయ్యి.

నవ్వింది. పెద్దగానే.
"ఆయప్ప ఇంకోదాన్ని తెచ్చుకొని ఏడేండ్లాయ.
యాడో రోములో రాసినోనికి
నా సంగతెట్ల తెలిసె?"

ఏ సెమినార్లోనూ నన్నెవరూ
అంత కష్టమైన ప్రశ్న వెయ్యలేదు.

ఆ రాత్రి ఏథెన్స్ వాళ్ళు గుర్తొచ్చారు.
బడి నడవనివ్వకపోతే ఏడుగురు తత్వవేత్తలు
పారశీక రాజు దగ్గరికి బతకబోయారు, ఇటువైపే,
ఈ సముద్రానికి కాస్త పైన.
వాళ్ళకి నచ్చలేదు. గల్ఫు అందరికీ నచ్చదు.
కానీ ఆ కఫీల్ మంచివాడు.
రెండు సామ్రాజ్యాల సంధిపత్రంలో
వీళ్ళ కోసం ఒక షరతు పెట్టించాడు:
ఇళ్ళకు పోనివ్వాలి,
నమ్మినట్టు బతకనివ్వాలి.
తర్వాత ఏ ఊళ్ళో ఉన్నారో ఎవరికీ తెలీదు.
దాని మీద మేం జీవితాలకు జీవితాలు
పోట్లాడుకున్నాం.

దస్తగిరమ్మకి సంధి లేదు. పది వేళ్ళ ముద్రలు,
ఎంబసీ ఎదుట ఎండలో రెండు రోజులు, తెల్ల కాగితం.
పోయేముందు నా తలుపు కొట్టి
సగం వాడిన ఫినాయిల్ సీసా ఇచ్చింది,
"ఉంచుకో, మల్లా నాకేటికి."

ఇచ్చిన నంబరు రెండు నెలలు మోగింది.
ఇప్పుడు మోగదు.

కొత్త వ్యాసంలో ఒక ఫుట్‌నోటు చేర్చాను:
ఈ ప్రశ్న అడిగినవారు దస్తగిరమ్మ.
జర్నల్ వాళ్ళు మర్యాదగా రాశారు,
ఆమె ఏ సంస్థకు చెందినవారో తెలపగలరు.
మూడు వారాలైంది.
బకెట్ నిండింది, పారబోసి వచ్చాను,
ఆ గడి ముందు మళ్ళీ కూర్చున్నాను.