ఎరుపుకో రాయి

హ్యువాన్ లోయలో
ఆపిల్ పెట్టెలకి బొమ్మలంటించే పని మెర్ల్ టాట్నెల్‌ది.
మైదాపిండి జిగురు, వెడల్పాటి కుంచె,
పొద్దు వాలేలోపు నాలుగొందల పెట్టెలు.

లోయ దాటని ఆమె చేతిమీదుగా
అదే నీలికొండ, అదే ఎర్రకాయ
లండన్ ఓడ ఎక్కేవి.

హోబర్ట్‌లో అచ్చువేసే ముసలాయన అనేవాడట:
పసుపుకో రాయి, నీలానికో రాయి,
ఎరుపు రాయి ఆఖర్న.
వేలంపాటలో వెనక వరసవాడికి
పేరు కనబడక్కర్లేదు, ఎరుపు కనబడాలి.
ఆయన పేరు మాత్రం
ఏ బొమ్మ మూలా లేదు.

తర్వాత అట్టపెట్టెలొచ్చాయి.
ఆ తర్వాత కొనేవాళ్లే రాలేదు.
చెట్టుకింతని సర్కారే డబ్బిచ్చి
తోటలు పీకించింది.

మిగిలిపోయిన బొమ్మల కట్టలు
మెర్ల్ తన గది చెక్కగోడకి అంటించుకుంది,
సందుల్లోంచి చలిగాలి కొట్టకుండా.
బొమ్మవైపు చెక్కకి, తెల్లవైపు తనకి.

అలా ఎందుకని అడిగాను.
"చూసింది చాల్లే" అంది.

మొన్నటి వానకి ఒక మూల ఊడింది.
వెనక్కి మడతపడ్డ ఆ కాస్త ఎరుపు
ఇంకా ఆరనట్టే ఉంది.

పాత కాగితాలు కొనే అబ్బాయి
గోడ మొత్తం ఎంతకిస్తావన్నాడు.

మెర్ల్ లేచి
పొయ్యి మీద జిగురు పెట్టింది.