పక్క చూపు

నెల్లూరు ఆటోనగర్, మూడో వీధి.
రేకు సాగదీసే సుత్తి చప్పుడు ఆగినాక
మా పని మొదలవుతుంది.

ముత్తుకూరు నుంచి వచ్చిన కారు,
రొయ్యల మేత అమ్మే పెంచలనాయుడిది.
చెరువు గట్టు మీద వెనక్కి తీస్తా
కరెంటు స్తంభానికి రాసుకున్నాడు.
ఎడమ వెనక తలుపు.
వెండి రంగు.

చేరిన కొత్తలో
వెండంటే ఒకటే అనుకునేవాణ్ణి.
కాలేషా మామ గోడకి కొట్టిన
పదిహేడు అట్టముక్కలు చూపించి
"వీటిల్లో వెండి ఏదిరా అబ్బయా" అన్నాడు.
అన్నీ వెండే.
ఏదీ ఇంకోదానికి తోబుట్టువు కాదు.

తలుపు సందులో స్టిక్కర్ మీద నెంబరుంటుంది.
అది చెప్తే పెయింటు కొట్టువాడు
గ్రాముల లెక్కన కలిపిస్తాడు.
"అది పుట్టినప్పటి ఒంటిరంగు" అంటాడు మామ.
"తొమ్మిదేళ్లు ఉప్పుగాలి తిన్నాక
ఆ నెంబరుతో పిలిస్తే పలకదు."

అందుకని చుక్కలు.
నలుపు ఒకటి.
నీలం, సూదిమొనంత.
ముతక వెండిరజను అర చెంచా.
అట్ట మీద కొట్టి, ఆరనిచ్చి, పైన క్లియర్ వేసి
ట్యూబులైటు కింద కాదు,
వీధిలోకి తీసుకుపోయి
తలుపు పక్కన పెట్టి ఎండలో చూడాల.
ఎదురుగా నిలబడితే కలుస్తుంది.
రెండడుగులు పక్కకి జరిగితే
అదే రంగు మొహం మాడ్చుకుంటుంది.

"తడిగా కొడితే రజను మునిగి నల్లబడద్ది,
పొడిగా కొడితే పైన పరుచుకుని తెల్లబడద్ది.
డబ్బాలో ఉండేది సగం రంగేరా,
మిగతాది మణికట్టులో."

మొన్న వేసవిలో
మామ కుడికంటికి శుక్లం తీశారు.
కట్టు విప్పిన రోజు తిన్నగా షాపుకొచ్చి
గోడ ముందు చాలాసేపు నిలబడ్డాడు.
కుడికన్ను మూశాడు.
తెరిచి, ఎడంకన్ను మూశాడు.
"ఒక కంటికి అన్నిటి మీదా టీ ఒలికినట్టుంది.
ఇంకో కంటికి
నీలిమందు పెట్టి ఉతికినట్టుంది.
ముప్పై ఒక్కేళ్లు నేను కొట్టిన వెండి
ఏ కంటిదిరా?"
గన్ను కడిగే వంకతో తల వంచుకున్నాను.
అప్పటికే అది రెండుసార్లు కడిగిన గన్ను.

అప్పట్నుంచి అట్టముక్క నా చేతికిస్తాడు.
"చెప్పు."
"ఎదర సరిపోయింది మామా."
"పక్కన?"
"పక్కన కొంచెం ముదురు కొట్టింది."
ఏదో సీసా తీసి ఒక చుక్క వేస్తాడు.
ఏ సీసానో నేనడగను, ఆయనా చెప్పడు.
నాలుగో అట్టకి
ముత్తుకూరు ఎండ, ఉప్పు, తొమ్మిదేళ్లు
దగ్గర దగ్గరగా వచ్చాయి.

ముందు తలుపుకి పేపరు పీకేస్తుంటే
పెంచలనాయుడు గయ్యిమన్నాడు.
"దానికి దెబ్బే లేదు గదయ్యా,
దానికి గూడా రంగెందుకు? దానికి గూడా డబ్బులా?"
మామ నవ్వలేదు.
"దెబ్బ తిన్నదానికి మాత్రమే రంగేస్తే
యాడ దెబ్బ తగిలిందో ఊరంతా చెప్పద్ది నాయుడా.
మంచిదాని మీదకి గూడా సన్నంగా జారనీయాల.
యాడ మొదలైందో
పొద్దున లేస్తే నాకే దొరక్కూడదు."

సాయంత్రం నాయుడు ఎదర నిలబడి చూసుకుని
తల ఊపి,
ఐదొందలు తగ్గించి ఇచ్చి పోయాడు.
ఆటోనగర్ మలుపులో
కారు వాలుటెండకి పక్కకి తిరిగింది.

"కలిసిందా?"
మామ అటు చూడకుండానే అడిగాడు.

కలిసిందన్నాను.

హ్యాండిలు కింద, అరచెయ్యంత మేర,
ఒక మబ్బు.

ఆయన అప్పటికే గోడ వైపు తిరిగి
ఆ నాలుగో అట్టకి
మేకు వెతుకుతున్నాడు.