తనిఖీ మరునాడు

సోహార్‌ల తొమ్మిదో నంబరు క్యాంపు.
తెల్లారక ముందే వర్గీసు తలుపులు బాదిండు:
లేవండి, మినిస్ట్రీ తనిఖీ ఉంది.
రాత్రికి రాత్రి కొత్త పరుపులు దిగినయి.
ప్లాస్టిక్ కవర్ తియ్యొద్దట,
సాయంత్రం వాపసు పోవాలె.
మంటలార్పే ఎర్ర సిలిండరు మీద పక్క క్యాంపు పేరు
తడిబట్టతో ఎంత తుడిచినా పోలే.

పన్నెండుమంది గదిల ఆరుగురిని బస్సెక్కించిండ్రు.
ఎక్కడికని లింబాద్రి అడిగితె డ్రైవరు నవ్విండు:
ఎక్కడికీ కాదు,
ఆఫీసరు పొయ్యేదాక సముద్రం పొంటి తిరుగుడే.

నేను మిగిలిన ఆరుగురిల ఉన్న.
పరుపు అంచు సర్దుతుంటె చేతులకు యాదికొచ్చింది,
ఈ పని ఇంతకుముందు చేసినయి.

పసుపు చేన్ల నడుమ మూడంతస్తుల ఇంజనీరింగ్ కాలేజి.
యూనివర్సిటీ కమిటీ వస్తాందంటె
ముందురాత్రి కరీంనగర్ నుంచి వ్యాను వచ్చింది.
నలభై కంప్యూటర్లు, రెండు లేతు మిషన్లు,
సూట్లేసుకున్న ముగ్గురు ప్రొఫెసర్లు.
వాళ్ళల్ల ఒకాయన్ని తర్వాత
బస్టాండు పక్క జిరాక్సు షాపుల చూసిన.
సామాన్లు మోసింది మేమే, రీయింబర్స్‌మెంటు పిలగాండ్లం.
పైసలు కట్టి చేరినోళ్ళకు ఆ రాత్రి సెలవు.

కమిటీల ఒక మేడమ్, కండ్లద్దాలు ముక్కు మీదికి జారినయి,
నా దగ్గర ఆగింది.
"ల్యాబు వారానికి ఎన్నిసార్లు బాబూ?"
నిజం కోసమే అంత దూరం వచ్చినట్టు అడిగింది.
నా వెనక ప్రిన్సిపాలు దగ్గిండు.
"మూడుసార్లు మేడమ్."
ఆమె రాసుకున్నది.
ఆ మూడు ఇప్పటికీ ఏదో ఫైలుల
నా నోటితోటి సాక్ష్యం చెప్తనే ఉంటది.

నాలుగేండ్లల్ల ఒక్క మోటరు విప్పలే.
సర్కారు పైసలు రాలేదని
అర్వై రెండు వేలు కట్టి సర్టిఫికెట్లు తీస్కపొమ్మన్నరు.
పదో తరగతి మెమో మీద హెల్పరు వీసా దొరికింది.
ఇప్పుడు నా డిగ్రీ కాలేజి బీరువాల,
నా పాస్‌పోర్టు కంపెనీ బీరువాల.
సైటుల కొత్త ఇంజనీరు సాలెం, నా ఈడోడే,
ప్యానెల్ బోర్డు విప్పితె
అన్నిటి పేర్లు చెప్తాను నేను, మనసుల.
ఆ పేపర్ల నాకు తొంబై ఒకటి.
ముట్టుకుంటె ఎట్లుంటదో మాత్రం ఇక్కడ తెలిసింది,
ఆయన చెయ్యి చూసి.

ఆఫీసరు వచ్చిండు, తెల్లటి డిష్‌డాషా, చేతిల ట్యాబ్.
గదిల ఎందరని హిందీలనే అడిగిండు.
వర్గీసు దగ్గిండు.
దగ్గుకు ఏ దేశంల ఐనా ఒక్కటే భాష.
"ఛే," అన్న.
హిందీల అది ఆరు.
తెలుగుల నన్ను నేను అనుకున్న మాట.

రాత్రి చెల్లె రవళిక ఫోను.
వెబ్ ఆప్షన్లకు రేపే ఆఖరు రోజు.
స్క్రీను మీద ఒక కాలేజి చూపించింది,
అద్దాల ల్యాబు, తెల్లకోట్లు, నవ్వే ముఖాలు.
"గుర్తింపు ఉన్నదట అన్నా,
కమిటీ చూసే సంతకం పెట్టిందట. పెట్టాల్నా?"

ఆ సంతకం కింద ఎవరి మూడు ఉందో.

"మంచిదే కావొచ్చు బిడ్డా.
కానీ కమిటీ వచ్చే రోజు చూస్తె తెల్వది.
మరునాడు పోవాలె,
వ్యాను మర్లిపొయినంక.
బల్లల మీద దుమ్ముల
నలుపలకల ఖాళీ గుర్తులున్నయా,
లేకుంటె మిషన్లు ఏండ్ల సంది అక్కడే ఉన్నట్టు
నూనె మరకలు పడ్డయా,
అది చూడాలె."

"రేపే ఆఖరు అన్నా," అన్నది.

పదకొండింటికి బస్సు వచ్చింది.
ఆరుగురు దిగిండ్రు, చెప్పుల నిండ ఇసుక.
పరుపులు అప్పటికే పొయినయి.
"ఎందరమని చెప్పినవ్?" లింబాద్రి అడిగిండు.

నేను గోడకు జరిగి
ఆయనకు జాగ ఇచ్చిన.