షట్టర్ మీది లెక్క

సుద్దముక్కతో షట్టర్ మీద రాస్తాం పనులన్నీ.
రాత్రి దించితే
గుల్జార్‌పేట సందంతా చదువుకోవచ్చు:
కూడేరు చీనీ తోటకు డ్రిప్పు,
ఉరవకొండ బడి మిద్దె మీద సోలారు,
తాడిపత్రి బండల ఫ్యాక్టరీకి వైరింగు,
రాప్తాడులో కాలిన మోటరు, దాని తగాదా.
పొద్దున ఎత్తగానే
అంతా చుట్టుకొని పైకి పోతుంది.
తెరిచి ఉన్నంతసేపూ
మా పనులు మాకే కనబడవు.

"ఏదో సాఫ్ట్‌వేర్ అంట, చూడుమ్మా" అన్నాడు కుళ్లాయప్పన్న,
ఒకరి తోటకు పోవాల్సిన ఎల్బోల సంచి
ఇంకొకరి తోటలో దిగిన రోజు.
మూడు దించుకున్నా. పద్నాలుగు రోజులు ఉచితం.
ఆపైన తలకు ఇంతని, నెలనెలా.
"యూజర్లు ఎంతమంది మేడం?"
ఫోన్లో బెంగళూరు గొంతు, చల్లగా.
పదకొండు మందిమి. మౌలాలి ఫోను పగిలింది.
సుంకన్నది బటన్ల ఫోను.
"ఇద్దరికని కొను, అందరం ఒకే పాస్‌వర్డుతో దూరదాం,
బస్సులో పిల్లోళ్లను ఒళ్లో కూర్చోబెట్టుకున్నట్ల."
ఇదీ అన్న సలహా.

మొదటిదానిలో మూడు గళ్లు.
చేయాల్సినవి, చేస్తున్నవి, అయిపోయినవి.
తాడిపత్రిని పట్టుకొని మూడో గడిలో పడేయబోతే
మౌలాలి చెయ్యి అడ్డం పెట్టినాడు.
"పని అయిపోయింది మేడం, దుడ్లు రాలేదు.
అది అయిపోయినట్లా, కానట్లా?"
నాకు తెలీలేదు. దానికీ తెలీలేదు.
నాలుగో గడి ఒకటి గీసి
'నానుతా ఉండాది' అని పేరు పెట్టినాం.
వారం తిరిగేసరికి నిండింది అదొక్కటే.

రెండోది మరీ చదువుకున్నది.
ప్రతి పనికీ అడుగుతుంది, దీనికి ముందు ఏం కావాలని.
కూడేరులో కాలవ తవ్వేదానికి ముందు
ఒక పదును వాన.
వాన తేదీ ఎంత, అనింది.
ఖాళీగా వదిలితే కసురుకునింది.
జూన్ పదహైదు అని కొట్టినా.
ఇన్నేండ్లు ఈ ఆఫీసు చిట్టా రాసినదాన్ని,
అంత పెద్ద అబద్ధం ఎప్పుడూ రాయలేదు.

మూడోదానిలో పెద్దగా ఏమీ లేదు.
పొడుగు గీతలు. ఏ పనికి ఎవరో రాయమంటుంది.
షట్టర్ మీద మేం పేర్లు రాయం.
పని పేరు రాస్తాం, మనిషి తనంతట తానే పోతాడు.
ఏడు పనులకూ రాసుకుంటూ పోయినా.
మోటరు దించేది సుంకన్న.
ప్యానెలు బిగించేది సుంకన్న.
గేటువాల్వు కారితే సుంకన్నే, ఇంకెవరు.
శుక్రవారం దగ్గర తెర ఎర్రబడింది.
ఒకే మనిషి, ఒకే పూట, మూడు ఊర్లు.

దీనికేదో తిక్క పట్టింది అనుకుంటి.
పాత డైరీలు తీసినా, పెట్రోలు చీటీలు పేర్చినా.
తిక్క దానికి కాదు. రెండేండ్లుగా అట్లనే జరుగుతా ఉంది.
ఉరవకొండలో నిచ్చెన దిగి
కూడేరులో బురద కడుక్కొని
రాప్తాడులో టార్చిలైటు నోట కరుచుకొని
ఆ మనిషి ఏమీ అనలేదు.
నోట్లో టార్చి ఉంటే ఏమంటాడు.

సాయంత్రం పిలిచి చూపించినా.
గ్రీజు చేతులు వెనక్కి కట్టుకొని వంగినాడు,
ఎక్స్‌రే చూసేటట్ల.
"ఎర్రగా ఉండేదంతా నేనేనా?"
కాసేపుండి,
"రెండు గీతలు పక్కకు జరుపు మేడం, గాలాడతాది."
జరిపినా. ఎరుపు పోయింది.
ఆయన స్టూలు లాక్కొని కూర్చున్నాడు.
ఆఫీసులో ఆయన కూర్చోవడం చూడలేదు నేను, అంతకు ముందు.

"ఏది కొందాం మరి?" అన్న అడిగినాడు.
మూడోది, అంటి. తలకు ఇంత, అంటి.
కాలిక్యులేటర్ తీసి పదకొండు కొట్టి
ఆగినాడు, స్టూలు వైపు చూసి.
"వీనికి ఒక తల లెక్క ఏస్తారా, మూడా?"

ఎవరమూ నవ్వలేదు.
నవ్వినామేమో, గుర్తు లేదు.

షట్టర్ దించినాంక, అలవాటు పోక,
సుద్దముక్క తీసుకొని
శుక్రవారం అని రాసి, పక్కన సుంకన్న అని రాసి,
దాని పక్కన సెలవు అని రాసినా.
పొద్దున ఎత్తితే
అది కూడా చుట్టుకొని పైకి పోతుంది.